గంగమ్మ సొమ్ము

పోయిన వారం యమునని మనం మదనపల్లె ఆసుపత్రి మెట్ల దగ్గర వదిలేసి వచ్చాం. చేతిలో నాన్న మందుల సంచి, బుర్రలో పదిహేడో నంబరు. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఆ నంబరు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

పుంగనూరు పక్క పల్లెలో, ఆరేళ్ల కిందట, వేరుశనగ చేలో అంజినప్ప కాలి మీద రక్తపింజరి కాటేసింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు దక్కలేదు. అప్పట్నుంచీ మంగళవారం, శుక్రవారం మదనపల్లెలో డయాలసిస్. ఆయన కూతురు యమున కుప్పంలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. రక్తపింజరి విషంలో ఒక ఎంజైము ఉంటుంది. మన కణాల చుట్టూ ఉండే పొరని అది కోసుకుంటూ పోతుంది. దాని చెయ్యి పట్టుకుని ఆపే పదార్థం సముద్రపు జీవుల్లో దొరుకుతుందేమోనని ఈ పిల్ల మూడేళ్లుగా వెతుకుతోంది. సముద్రం మొహం జీవితంలో రెండేసార్లు చూసిన పిల్ల!

రామేశ్వరం వైపు జాలర్ల వలల్లో చేపలతో పాటు చిక్కుకుని ఒడ్డున పారేసే స్పంజికల్ని, కావలసిన అనుమతులన్నీ తీసుకుని, ఐసు పెట్టెల్లో తెప్పించుకుంటుంది. స్పంజిక ఉన్నచోట రాయిని పట్టుకుని బతికే జీవి. పారిపోలేదు, కరవలేదు. అందుకని తనని తినవచ్చిన వాళ్లని ఆపడానికి కావలసిన రసాయనాలు ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. వాటిలో ఏదో ఒకటి పాము విషాన్నీ ఆపకపోతుందా అన్నది యమున ఆశ. పదహారు స్పంజికలు ఆపలేదు. పదిహేడోది ఆపింది.

ఆ సంగతి రాసి పంపిన పేపరుని ఒక పత్రికవాళ్లు అచ్చుకి ఒప్పుకున్నారు. వచ్చే బుధవారం బెంగుళూరు నుంచి నిపుణులు ల్యాబు చూడ్డానికి వస్తున్నారు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. అదే జాలరి, అదే చోట దొరికిన అదే రకం స్పంజికని మళ్లీ పంపిస్తే, అది ఆపలేదు. మూడుసార్లు పరీక్ష చేసినా ఆపలేదు. ఎందుకు?

ఆ ఎందుకుతోనే యమున శుక్రవారం మధ్యాహ్నం వార్డులోకి అడుగు పెట్టింది.

"ఇదో, మా పాప వచ్చిందప్పా" అన్నాడు అంజినప్ప పక్క మంచం మీది కలికిరి ఊరాయనతో. ఎడమ చేతిలో సూదులున్నాయి కాబట్టి గడ్డంతో చూపించాడు. "నా పాముకి మందు కనిపెట్టింది ఈ పాపే."

కలికిరాయన ఈ మాట నెలరోజులుగా ప్రతి శుక్రవారం వింటూనే ఉన్నాడు. అయినా ఇప్పుడే విన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు. ఆ వార్డులో ఒకరి ఆశని ఇంకొకరు అట్లా కాస్త మోసిపెడుతుంటారు.

"ఇంకా కనిపెట్టలేదు నాయనా. గాజు పళ్లెంలో ఆపింది, అంతే."

"పళ్లెంలో ఆపింది ఒంట్లో ఆపదా? ఏమప్పా, నువ్వు సెప్పు."

"యాల ఆపదూ, ఆపుతాది" అన్నాడు కలికిరాయన.

యమున నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నాన్న పామంటే భయపడడం ఎప్పుడో మానేశాడు. 'నా పాము' అంటాడు, చుట్టం పేరు చెప్పినట్టు. తనకి పడిన కాటు బిడ్డ చదువుకి పనికొచ్చిందన్న ఒక్క మాట మీద ఆ మనిషి ఆరేళ్లుగా సూదుల కింద చెయ్యి పెడుతున్నాడు. ఆ మాట అబద్ధమైతే ఇంక ఏం చూసుకుని పెడతాడు? దాని గురించి ఆలోచించాలంటేనే ఆమెకి భయం వేసింది.

బయట వరండాలో మునెమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. పుంగనూరు మండీలో చింతపండు గింజలు తీసే పని ఆమెది. ఆ పని చేసే ఆడవాళ్లని వేళ్లు చూసి గుర్తుపట్టొచ్చు. ఎంత తోమినా నల్లగానే ఉంటాయి. కూతుర్ని చూసి క్యారియర్ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. మొదట చేతికి తగిలిన చిన్న తెల్ల మూటని గబుక్కున తీసి నడుము దగ్గర దోపుకుని, తర్వాత క్యారియర్ బయటికి తీసింది. యమున పట్టించుకోలేదు. అమ్మ సంచిలో వక్కాకు మూటో, సూది మందు చీటీలో, ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

నాలుగడుగుల అవతల ఇంకెవరో చేపల కూర విప్పారు.

మునెమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏం నీసు, ఏం నీసు! సింతపండు ఏసి కడగకుండానే వండేసినట్టుండారు" అంది గొంతు తగ్గించి. "దీనికన్నా నీ సముద్రందే మేలు. నేను కడిగినంక వాసనే లే."

యమున చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏం కడిగినావు?"

"ఏం లేదులే. తిను."

"మా. ఏం కడిగినావు?"

మునెమ్మ అటూ ఇటూ చూసింది. నోరు జారిన సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది. "పోయినేడు వానల్లో నీ కాలేజీలో కరెంటు పోయిందని పెట్టె ఇంటికి తెచ్చింటివి గదా" అంది నెమ్మదిగా. "దాన్ని."

పోయినేడు. కుప్పంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, ల్యాబు ఫ్రీజర్లు మూడు రోజులు ఆగిపోయాయి. అప్పుడే వచ్చిన ఐసు పెట్టెని యమున పుంగనూరు తీసుకెళ్లింది. ఎవరూ ముట్టుకోవద్దని పదిసార్లు చెప్పి, కొత్త ఐసు కోసం పలమనేరు వెళ్లింది. ఆ పూట వాన కట్టడి చేస్తే మర్నాడు గానీ తిరిగి రాలేకపోయింది. పెట్టెలో ఉన్నది ఒక్క పదిహేడే.

"ముట్టుకోవద్దని చెప్పలేదా నేను?"

"సెప్పినావు. ఐసు కరిగి నీళ్లైపాయ. ఇల్లంతా ఒకటే నీసు. మీ నాయనకి ఆ పొద్దు కడుపులో తిప్పుతా ఉండె. మంచినీళ్లు కూడా నిలవలే. ఆ వాసనకి మళ్లీ మళ్లీ కక్కుకుంటా ఉంటే నేనేం సేసేది? సేపకి సెయ్యమా? అదీ సముద్రందే గదా అని సింతపండు నీళ్లల్లో ఏసి, ఒక పూట నానబెట్టి, పిండి, గాలికి ఆరేసినా. మళ్లా పెట్టెలోనే పెట్టినా. నువ్వు ఐసు తెచ్చి పోసినావు."

"చింతపండు నీళ్లా, గింజ నీళ్లా?"

"మంచి పండు మనకి యాడిది? గింజా, పీసూ, పొట్టూ. గిన్నెలు తోమేదానికని ముందు రోజే నానేసింటి. ఎర్రగా దిగింది."

ఎర్రగా! పదిహేడుని ముక్కలు చేసి సారం తీసిన రోజు నోట్‌బుక్‌లో తను రాసుకున్న వాక్యం యమునకి అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. 'సారం ఎర్రటి రంగు. స్పంజిక సహజ వర్ణం కావచ్చు.'

చింతగింజ పొట్టు నోట్లో వేసుకుంటే నాలుకని పట్టి లాగుతుంది. ఆ వగరే ఏ ఎంజైము ఎదురొచ్చినా దాన్ని పట్టేసుకుంటుంది. పాము విషాన్ని పట్టుకుంటుంది, మన కడుపులో అన్నం అరిగించే రసాన్నీ పట్టుకుంటుంది. మంచీ చెడ్డా లేకుండా అందర్నీ పట్టుకునేది మందు కాదు. ఆకులూ బెరళ్లూ పరీక్షించే వాళ్లందరికీ మొదటి పాఠం ఇదే, ముందు వగరు తీసెయ్యమని. సముద్రపు జీవిలో చెట్టు వగరు ఎక్కడ ఉంటుందని యమున తీయలేదు. ఆమె స్థానంలో ఎవరున్నా తీసేవాళ్లు కాదు.

"మూడేండ్లు మా" అంది యమున. పళ్ల బిగువున అంది. "మూడేండ్లు నేను చేసిందంతా నీ పొట్టు నీళ్లలో కలిపినావు. ఏడాది నుంచీ ఒక్క మాట చెప్పలేదే!"

"తిడతావని సెప్పలే. ఆపైన పదిహేడు పనిచేసింది, పదిహేడు పనిచేసింది అని ఎగిరితివి. పనిచేసినంక ఇంగ యాల సెప్పాల అనుకుంటి."

యమునకి ఇంకా అనాలని ఉంది. అనడానికి నోరు తెరిచి, అమ్మ వేళ్లు చూసింది. ఆ నల్ల వేళ్లు అన్నం మూతని తుడిచిందే తుడుస్తున్నాయి. ఆమె ఆ పని చేసింది వాంతులు చేసుకుంటున్న మొగుడి కోసం. అంతకన్నా మంచి కారణం ఏ శాస్త్రవేత్తకి మాత్రం ఉంటుంది? యమున ముద్ద క్యారియర్లో పెట్టేసి తల్లి భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

"మీ నాయనకి సెప్పొద్దు పాపా" అంది మునెమ్మ. "ఆ ఒక్క మాట మింద బతుకుతా ఉండాడు."

శనివారం యమున కుప్పం ల్యాబులో ఉంది. బ్యాగులో తల్లి ఇచ్చిన గింజల పొట్టు, పాత సంచిలో చుట్టినది.

పరీక్ష చాలా సులువు. జెల్లీలో మేక రక్తం కలిపి గాజు పళ్లెంలో పోస్తే ఎర్రగా గడ్డ కడుతుంది. మధ్యలో చిన్న గుంట తీసి విషం చుక్క వేస్తే, ఎంజైము తన పని చేసినంత మేరా ఎరుపు పోయి తెల్లటి గుండ్రం ఏర్పడుతుంది. ఎంజైముని ఎవరైనా ఆపితే గుండ్రం రాదు. పళ్లెం ఎర్రగానే ఉండిపోతుంది. ఆమె నాలుగు పళ్లేలు పెట్టింది. ఒకదాంట్లో ఉత్త విషం. రెండోదాంట్లో విషం, కొత్త స్పంజిక. మూడోదాంట్లో విషం, పొట్టు నీళ్లలో నానబెట్టిన కొత్త స్పంజిక. నాలుగోదాంట్లో స్పంజిక లేదు, సముద్రం లేదు. విషం, అమ్మ చింతగింజల పొట్టు నీళ్లు.

ఆదివారం పొద్దున్నే వచ్చి తలుపు తీసింది. కిటికీ దగ్గర వెలుతురుకి ఒక్కో పళ్లెం ఎత్తి చూసింది. మొదటి రెండింట్లో అర్ధరూపాయి బిళ్లంత తెల్లటి గుండ్రాలు. మూడోది ఎర్రగా ఉంది. నాలుగోదీ ఎర్రగానే ఉంది, అంచు నుంచి అంచు దాకా.

యమున స్టూలు మీద కూర్చుంది. ఏడుపు శుక్రవారమే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది ఒట్టి అలసట. సముద్రం దాకా పోయి వెతికినదాని పేరుతో తను లోకానికి చూపించింది అమ్మ ఒళ్లో పొట్టు. నోట్‌బుక్ తీసి తారీకు వేసి, నాలుగు పళ్లేల ఫలితం రాసి, కింద సంతకం చేసింది.

సోమవారం యమున తన పరిశోధనకి గైడైన మునిచంద్ర సార్ గదికి వెళ్లింది.

సార్‌ది వెంకటగిరికోట పక్కన చిన్న పల్లె. అంజినప్పకి కాటు పడినప్పుడు యమున చదువు మానేసి మండీకి పోతానంటే, ఇంటికొచ్చి మునెమ్మతో మాట్లాడి తీసుకెళ్లింది ఆయనే. జూన్‌లో రిటైరవుతున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నలుగురూ చెప్పుకునే పేపరు ఇదొక్కటే. ఇవన్నీ యమునకి తెలుసు. అందుకే ఆయన మొహం వైపు చూడకుండా చెప్పింది.

"మీ అమ్మ కడిగినట్టు నోట్‌బుక్‌లో ఉందా?" అన్నాడాయన.

"లేదు సార్. నాకు తెలిస్తే కదా రాసేది."

"నోట్‌బుక్‌లో లేనిది జరగలేదు. ఆ మాట నీకు మొదటి రోజు నేర్పింది నేనే."

"నాలుగో పళ్లెం ఉంది సార్."

"చింతపొట్టు విషాన్ని ఆపుతుందని చెప్తుంది నీ నాలుగో పళ్లెం. అది ఎప్పుడో ఎవరో రాసేసిన సంగతే. స్పంజిక ఆపదని ఎక్కడ చెప్పింది? కొత్త స్పంజిక వేసవిలో పట్టింది, పాతది వానల్లో పట్టింది. కాలం మారితే వాటి ఒంట్లో పదార్థాలు మారతాయి. నీకు తెలీదా? అసలు పదిహేడు కడగక ముందే ఆపేదేమో!"

"ఆపేదేమో సార్. కడగని పదిహేడు మన దగ్గర లేదు."

"లేదు కదా! మరి ఆపలేదని ఎట్లా అంటావు?"

"ఆపిందని ఎట్లా అంటాం సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాలు లేకుండా ఆయన చాలా ముసలివాడిలా కనిపించాడు. కోపంగా ఉంటే యమునకి సులువయ్యేది. ఆయన కోపంగా లేడు.

"బుధవారం మీ నాయన్ని రమ్మని పిలిచినాను" అన్నాడు. "ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నా. ఆయన కోసమే కదమ్మా ఇదంతా మొదలుపెట్టింది. ఆయన ఎదురుగా నిలబడి చెప్పగలిగితే చెప్పుకో. నేను అడ్డం రాను. కానీ ఆధారం లేని మాటకి ఒప్పుకోను కూడా."

బుధవారం పొద్దున అంజినప్ప ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, సూదుల మచ్చలు కనపడకుండా చొక్కా చేతులు కిందికి దించుకుని, పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి కుప్పం వచ్చాడు. ముందురోజే డయాలసిస్ అయింది కాబట్టి మొహం తేటగా ఉంది. పక్కన మునెమ్మ, చేతిలో ఎప్పటి సంచే. ముందు వరసలో వాళ్లని కూర్చోబెడుతుంటే ఆయన సంతోషంతో లేచి లేచి అందరికీ దండాలు పెట్టాడు. యమున ఆ దండాలు చూడలేక నేల వైపు చూసింది.

బెంగుళూరు నుంచి వచ్చినవాళ్లలో పెద్దావిడ పేరు ఉషా మేడం. జుట్టు నెరిసిన, తక్కువ మాట్లాడే మనిషి. "చెప్పమ్మా, మీ పదిహేడు గురించి" అంది.

యమున లేచింది. తెర మీద బొమ్మలు వేయలేదు. "ముందుగా మా నాన్న గురించి చెప్తాను" అని మొదలుపెట్టి, చేను, కాటు, ఆరేళ్లు, పదహారు స్పంజికలు, అన్నీ రెండు నిమిషాల్లో చెప్పింది. తర్వాత ఊపిరి తీసుకుని, కరెంటు పోయిన మూడు రోజుల గురించి చెప్పింది. పొట్టు నీళ్ల గురించి చెప్పింది. నాలుగు పళ్లేల ఫోటోలు బల్ల మీద పెట్టింది.

"పదిహేడో నంబరుని నేను నమ్మడం లేదు మేడం. పేపరు వెనక్కి తీసుకోవాలని అడుగుతున్నాను."

చెప్పడమైతే చెప్పింది. తండ్రి వైపు చూడక తప్పలేదు. అంజినప్ప మొహం మీది నవ్వు పోలేదు గానీ, ఉన్నచోటే ఆగిపోయింది. ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. కూతురి గొంతు మాత్రం అర్థమైంది. ఆయన మెల్లగా మునెమ్మ వైపు తిరిగాడు. ఆమె తల వంచుకుంది.

మునిచంద్ర సార్ లేచాడు. మాటిచ్చినట్టే అడ్డం రాలేదు. "అమ్మాయి నిజాయితీని నేను శంకించను" అన్నాడు. "కానీ కడిగినట్టు రాతలో లేదు. ఏడాది కిందటి మాట, ఒక జ్ఞాపకం. దాని మీద ఫలితాన్ని కొట్టేయడం కూడా శాస్త్రం కాదు."

ఉషా మేడం ఫోటోలు దగ్గరికి తీసుకుని ఒక్కొక్కటే చూసింది. "ఇద్దరి మాటా సరైనదే, అదే చిక్కు" అంది. "మీ ఇద్దరి నడుమ తీర్పు చెప్పగలిగేది ఒక్కటే. ఆ రోజు ఆ పెట్టెలో వచ్చి, ఆ నీళ్లు తగలని ముక్క. చిన్నదైనా చాలు. ఉందా?"

"లేదు మేడం" అంది యమున.

"ఉండాది సామీ."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి అందరూ తిరిగి చూశారు. మునెమ్మ నిలబడి ఉంది. ఇంతమంది చదువుకున్న వాళ్ల మధ్య ఆమె జీవితంలో మాట్లాడలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, నడుము దగ్గర్నుంచి చిన్న తెల్ల మూట బయటికి తీసింది. మదనపల్లె వరండాలో క్యారియర్ కన్నా ముందు చేతికి తగిలిన మూట.

"కడిగింది నేనే. పుస్తకంలో లేదేమో గానీ నా సేత్తోనే జరిగింది" అంది మునెమ్మ. "కడిగేముందర ఒగ ముక్క తీసి, గాలికి ఆరబెట్టి దాచినా. సముద్రమంటే గంగమ్మే గదా సామీ. గంగమ్మ సొమ్ము ఇంటికొస్తే ఊరికే వాడుకుంటామా? ఈయన ఒళ్లు బాగైతే జాతరలో సెల్లిస్తానని ముడుపు కట్టినా. మదనపల్లె పోయే దినమల్లా ఇది నా సంచిలోనే ఉంటాది."

యమునకి వెంటనే భయం పట్టుకుంది. ముడుపంటే పసుపు గుడ్డ. పసుపు కూడా చింతపొట్టు లాంటిదే, పరీక్షలని పాడు చేస్తుంది. "పసుపులో ముంచినావా మా గుడ్డని?" అంది ఆత్రంగా.

"పసుపు ఆ పొద్దు ఇంట్లో అయిపోయినాది. నీ పాత తెల్ల చున్నీ సింపి కట్టినా. తప్పు కాయమని గంగమ్మకి మొక్కుకున్యా."

"దీన్ని కడగలేదా? కొంచెం కూడా?"

"గంగమ్మకి నీసుంటే ఏమే? ఆమెకి పనికిరాదా ఏం?"

ఉషా మేడం లేచి దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. మునెమ్మ ఇవ్వలేదు. మూటని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఆమె ఎందుకు ఇవ్వడం లేదో బెంగుళూరు వాళ్లకి తెలియలేదు. మునిచంద్ర సార్‌కి తెలిసింది. ఆయనా ఈ వైపు పల్లెలో పుట్టినవాడే. ఆయన తల దించుకున్నాడు.

మొక్కు తీరకుండా ముడుపు విప్పకూడదు. విప్పితే ఎవరి పేరు మీద కట్టారో వాళ్లకే చెడు. మునెమ్మ దాన్ని చూపించగలిగింది గానీ విప్పలేకపోతోంది. ఇంకా బాగుపడని మనిషి ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. యమున కూడా అడగలేకపోయింది. శాస్త్రం చదివినంత మాత్రాన అమ్మ ఏడాదిగా వెంట మోసుకు తిరుగుతున్నదాన్ని ఇలా ఇమ్మని అడగడానికి నోరు రాదు.

అంజినప్ప కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. భార్య చేతుల్లోంచి మూట తీసుకున్నాడు. ఆమె "వద్దు, వద్దు" అని మణికట్టు పట్టుకుంది. సూదుల మచ్చలున్న చెయ్యి అది. గట్టిగా పట్టుకోవడానికి భయపడి తనే వదిలేసింది.

"నా పేరు మింద కట్టిందే గదా" అన్నాడు. "నా ముడుపు నేనే ఇప్పుతా. నా పాము సంగతి. నాక్కూడా తెలియాల నిజమేందో."

మునెమ్మ దానికి మూడు ముళ్లు వేసి ఉంది. చెమటకి గుడ్డ బిగిసిపోయింది. అంజినప్ప వేళ్లలో ఒకప్పటి బలం లేదు. గోటితో గీకి, పంటితో లాగి, మొదటి ముడి విప్పాడు. రెండోది విప్పాడు. గదిలో ఎవరూ సాయం రాలేదు. రాకూడదని అందరికీ తెలిసింది.

మూడో ముడి మీద ఆయన వేలు ఆగింది. తలెత్తి కూతురి వైపు చూశాడు.

"ఇదీ ఆపకపోతే ఏం సేస్తావు పాపా?"

"పద్దెనిమిది వెతుకుతా నాయనా" అంది యమున.

అంజినప్ప తలూపాడు. వార్డులో కలికిరాయనతో చెప్పేటప్పుడు ఊపినట్టే ఊపాడు. మూడో ముడి కూడా విప్పేశాడు.

గదిలోకి సన్నగా, పాతబడిన నీసు వాసన వచ్చింది.